పద్దెనిమిదో మెట్టు

సూర్ ఊరి కొసకు, పడవలు చెక్కే కార్ఖానాలు దాటినంక
నీళ్లల్లకు పొడుచుకపోయిన రాతి ముక్కు మీద
ఉన్నది ఆ దీపస్తంభం.
కాంట్రాక్టు కాగితంల దాని పేరు: స్ట్రక్చర్ నంబర్ నాలుగు.

నేను మేడిపల్లి రాజలింగాన్ని.
సముద్రం తెల్వది నాకు.
మాకు నీళ్లంటే ఎస్సారెస్పీ కాలువల
వారబందీకి వచ్చేటియి.
గోడ మాత్రం తెలుసు.
తాపీ పిడితోని కొట్టి, చెవి పెట్టి,
లోపల బోలుగున్నదో బిగువుగున్నదో చెప్తా.

మొదటి దినం కొట్టిన.
సిమెంటు పెచ్చు కింద ఇంకో సిమెంటు పెచ్చు.
ఎవరో పూసిండ్రు, ఆ పైన మల్ల ఎవరో పూసిండ్రు.
ఉప్పు తాగి ఉబ్బి అప్పడాల లెక్క లేస్తున్నయి.
వాటి కింద
గోధుమ రంగుల, చల్లగ, ఇంకో గోడ.
తాపీ ఆగింది.
ఈ వాసన నాకెర్కే.

మా తాత గానుగ సున్నం తిప్పినోడు.
రాతి చక్రం, దున్నపోతు, గుండ్రటి గాడి,
కరక్కాయ నీళ్లు, బెల్లం పానకం.
సున్నానికి తొందర పనికిరాదు బిడ్డా, అనేటోడు,
తొందరపడ్డోని చేతులే ముందుగాల కాలుతయి.
కాటి మీద పెట్టిన దినం గూడ
ఆయన గోర్ల సందుల ఆ తెలుపు పోలే.

"సారూజ్" అన్నడు ఖల్ఫాన్.
ఆఖరి దీపం కావలికారు మనుమడు,
ఇప్పుడు మున్సిపాలిటీల నీళ్ల ట్యాంకరు నడుపుతడు.
మట్టిని ఖర్జూరపు మొద్దుల మీద కాల్చి, దంచి
సున్నంల కలిపిండ్రట.
రాళ్లు ఈ సముద్రంల పుట్టినయే, పగడపు రాళ్లు,
ఒక్కో రాయికి వేల కండ్లు.
దూలాలేమో జాంజిబార్ మడ చెట్లయి.
చెట్టు ఎంత పొడుగు పెరిగితే గది అంత వెడల్పు.

చానాసేపు ఆలోచించిన.
ఎక్కడో ఆఫ్రికా బురదల నిలబడ్డ చెట్టు
ఇక్కడ కావలి మనిషి కాళ్లు చాపుకోవాల్నా ముడుచుకోవాల్నా
తేల్చేసింది.
మా క్యాంపుల మంచం పొడుగు ఎవరు తేల్చిండ్రో.

పాత పద్ధతిలనే బాగుచెయ్యాలని మినిస్ట్రీ కాగితం వచ్చింది.
ఇంజినీరు అడిగిండు: ఎవరికొస్తది?
పదకొండేండ్లల్ల మొదటిసారి
నాకేం వస్తదని అడిగినోడు.
చెయ్యి లేపిన.

దీపం కత చెప్పిండు ఖల్ఫాన్, చాయ్ తాక్కుంట:
ముందుగాల సొర చేప నూనె,
ఆనక కిరసనాయిలు,
ఆనక గ్యాసు సిలిండరు.
ఇప్పుడు సోలార్ పలక, దానికదే వెలుగుతది, దానికదే ఆరుతది.
వాళ్ల తాతకు ఉత్తరం వచ్చిందట, ఇగ రావద్దని.
అయినా నెల రోజులు వచ్చిండట,
వచ్చి ఉత్తగనే పైన కూసునేటోడట.

మెట్లు అరవై మూడు.
పద్దెనిమిదోది మాత్రం
మిగతా వాటికన్న నాలుగు వేళ్లు ఎత్తు.
దొంగ తట్టుకోని పడాలని కట్టిండ్రు, అంటది ఖల్ఫాన్ తల్లి.
ఆ దినం మేస్త్రికి జరం ఉండె, అనేటోడట తాత.
ఇంజినీరు టేపు పెట్టి చూసి, "తప్పు, సరిచెయ్" అన్నడు.

నేను తలూపిన.
కింది నుంచి పైదాక గోడకు సారూజ్ పూసిన,
నదిల దొరికే గులకరాయి అసొంటి రాయితోని మెరుగు పెట్టిన.
పదిహేడోది సరిచేసిన, పంతొమ్మిదోది సరిచేసిన.
ఆ ఒక్కదాని దగ్గర
తడి సున్నంల అరచెయ్యి ఒత్తిన,
పని అయిపోయిందని చెప్పిన.
ఇంజినీరు మల్ల టేపు తియ్యలే.

ఇప్పుడు వేరే పని మీద మస్కట్‌ల ఉన్నం.
క్యాంపుల కరెంటు పోయిన రాత్రి
చీకట్ల మెట్లెక్కుతుంటే
పద్దెనిమిదో మెట్టు కాడ
నా కుడికాలు నన్నడగకుంట నాలుగు వేళ్లు పైకి లేస్తది,
ఏమీ లేని గాలిల దిగుతది.
ఎనుకొచ్చే బిహారు పోరడు నవ్వుతడు.
నేను గోడ పట్టుకుంట.
సిమెంటు. బోలు.