రాత్రి హాజరు

పది గొట్టంగనే జనరేటర్ బందయితది.
సిరోంచ రోడ్డు మీద ఆఖరి టేకు లారీ పోయినంక
టార్చిలైటు పట్టుకొని లేస్త.
ఒక దిక్కు పోరగాండ్ల వసతి, ఒక దిక్కు పోరీలది,
నడుమ వంట కొట్టం.
కొట్టంల పండే కుక్క రెండు దిక్కులకూ మొరుగుతది,
ఎవ్వల్నీ నమ్మది.

హాజరు పుస్తకంల నూట పద్నాలుగు పేర్లు.
పగలు సార్లు పిలుస్తరు, వీండ్లు యస్ సార్ అంటరు.
రాత్రి నేను పిలువ.
దుప్పట్ల మీదికెల్లి లైటు జరుపుకుంట
కాళ్లు లెక్కవెడుత, రెండుతోని భాగిస్త.
నేను చదివింది ఏడో తరగతి,
గంత లెక్క వస్తది.

ఒక రాత్రి నూట పదమూడున్నర వచ్చింది.
మూడు మాట్ల లెక్కవెట్టినా గంతే.
తెల్లారగట్ల దొరికింది సగం పిల్లగాడు:
విలాస్ తలండి, కిటికీ ఊచల నడుమకెల్లి
ఒక కాలు బయటికి సాపి పండుకున్నడు,
వాళ్ల ఊరి దిక్కు.

రెండో ఝాముకు మాటలు మొదలైతయి.
పగలు ఈడ ఇంగ్లీషే మాట్లాడాలె,
మరిచిపోయినోడు బోరింగు కాడ పది బకెట్లు కొట్టాలె.
నిద్రల బకెట్లు లేవు.
భామ్రాగడ్ పోరడు మాడియాల మేకల్ని అదిలిస్తడు.
అహేరి నీలిమ మరాఠీల
చెల్లెతోని దువ్వెన కోసం కొట్లాడుతది.
ముల్చేరా బెంగాలీ పిల్ల షిప్రా ఏందో లెక్కవెడుతది,
చేపలో, పైసలో.
మా అంకీసా పోశెట్టి తెలుగుల
"చాలవ్వా, ఇగ వెయ్యకు" అంటడు.
అన్నమో, దెబ్బో నేను అడుగలే.

జైవంతా ఆత్రం వచ్చినప్పుడు ఎనిమిదో తరగతి.
ఆరు దినాలు నోరు తెరువలే.
రాత్రయితే మాత్రం "ఏర్, ఏర్" అని పలవరించేది.
ఏరంటే ఏరే అనుకున్న నేను.
ఇంద్రావతి ఒడ్డు పిల్ల గద, నదిని తలుసుకుంటున్నదని
తల నిమిరి, ప్రాణహిత కూడా మంచిదే బిడ్డా అని చెప్పిన.
వాళ్ల మాటల ఏర్ అంటే నీళ్లట.
పిల్ల దూపతోని పండుకుంటే
నేను ఆరు రాత్రులు నదిని పొగిడిన.

గిప్పుడు బారావీ.
ఇప్పపువ్వు రాలే నెల,
అడవిల పిల్లలందరు గంపలు వట్టుకొని తెల్లారగట్ల చెట్ల కింద ఉంటరు,
ఈమె డాక్టరు పరీక్ష పుస్తకం కింద.
మొన్న తండ్రి వచ్చి గేటు కాడ నిలవడ్డడు,
ఒళ్లంత పువ్వు వాసన.
నాలుగు దినాలు తోలియ్యమంటడేమో అనుకున్న.
అడుగలే. ఎండిన పువ్వు పిడికెడు నా చేతుల వెట్టి
బస్సెక్కిండు.

ఆ రాత్రే విన్న.
జైవంతా అటు ఇటు పొర్లి
"ఆప్షన్ సి" అన్నది. నిద్రలనే.
"నో, నో... సి."

దుప్పటి సదరబోయి ఆగిన.
ప్రిన్సిపాల్ సారుకు చెప్తే గెంతులేస్తడు,
ఇన్నేండ్లల్ల ఎవ్వలూ గింత దూరం పోలే అంటడు.
నాకు మాత్రం
చేతులున్న టార్చి బరువు తెలిసింది.
మేకలు, దువ్వెన, చెల్లె
ఉన్న ఆ అర్రకు గూడ ఎవ్వలో బోర్డు కొట్టినట్టు.
లేకుంటే నాదే పిచ్చేమో.
మా బిడ్డ గిట్లనే పలవరిస్తే
నేను ఊరంత చెప్పుకుందు.

కుండలకెల్లి గిలాస ముంచుకొచ్చి
మెల్లగ "ఏర్" అన్న.
కండ్లు తెరువలే.
తల ఎత్తి, నా మణికట్టు పట్టుకొని
మొత్తం తాగింది.

ఎక్కడిదాక వచ్చిన?
డెబ్బయి కాళ్లా, డెబ్బయి రెండా?
బయట కుక్క ఒకటే మొరుగుడు.
మళ్ల మొదటి మంచం కాడికి పోయిన.