రెండు చుక్కలు

సముద్రం నేను సూడలే.
నర్సంపేట డిగ్రీ కాలేజీల
పదహారేండ్లు జువాలజీ సీసాలు తుడిసిన.
పదిహేడో నంబరుల ఉంటది
సముద్రపు చుక్క.
ఒక చెయ్యి ఎవలో ఇరగ్గొట్టిన్రు
నేను కొలువుల చేరకముందే.
పోరగాండ్లు నాలుగు చేతులు సూసి
రికార్డుల అయిదు గీస్తరు.
విజయేందర్ సారు దానికే పది మార్కులు ఏస్తడు.

దానికి నెత్తురు లేదంట, మెదడు లేదంట.
కడుపును నోట్లకెల్లి బయటికి తీసి
ఆల్చిప్పను అండ్లనే అరిగించుకుంటదంట.
తెగిన చెయ్యి మళ్ళ మొలుస్తదంట.
అన్నీ అంటలే.
అడుగున సూదిమొనలంత పాదాలు మాత్రం కండ్లార సూసిన,
అవిటితోని ఎంత దూరం నడిచిందో ఎవలకెరుక.
నాకు తెలిసింది ఫార్మలిన్ వాసన,
అన్నం కలుపుతుంటే గూడ వేళ్ళను ఇడిసిపెట్టదు.

మొన్న పెద్దపుసాల కార్తెల
పాకాల తొవ్వల ఆలం జోగమ్మ
టేకాకుల పుట్టగొడుగులు పోసి అమ్ముతుంటే
గంప అడుగున ఒకటి
గోలీకాయంత ఉండ, పాత చెప్పు రంగు.
"అది తినేది కాదు, ఊకెనే తీస్కపో" అన్నది.
అంగి జేబుల ఏసుకొని మరిచిన.

సోమవారం యాదికొచ్చి ల్యాబు కిటికీల పెట్టిన.
ఆ రాత్రి రేకుల సందుకెల్లి వాన కారింది.
పొద్దుగాల తాళం తీస్తే
ఏడు రెక్కలు ఎల్లకిల వాల్చి
నడుమ బుడిగె ఎత్తుకొని కూసున్నది.
చుక్క పడ్డది, చుక్క విచ్చుకున్నది.
గోరుతోని తాకితే
బుస్సుమని పొగ, బీడీ పొగంత.

"మా అల్మారల ఎందుకు, అది చెట్టు కాదు" అన్నది బాటనీ మేడం.
"జంతువు గూడ కాదు" అన్నడు సారు.
ఇద్దరు కలిసి చాయకు పోయిన్రు.
పదిహేడో నంబరు పక్కన నేనే జాగ చేసిన.

ఎండకు ముడుసుకుంటది.
నీళ్ళు చిలకరిస్తే మళ్ళ తెరుసుకుంటది.
బతికున్నదా సారూ అని అడిగితే
"ఎన్నడో సచ్చింది రాజలింగం,
అది తోలు చేసే పని" అన్నడు.

సచ్చిన తోలుకు వాన యాదున్నది.
మరి దీనికేమైంది,
దినాం తడిల్నే మునిగి ఉంటది గద?

ఇయ్యాల సీసాల మందు మార్చేటప్పుడు
ఎవ్వలు లేంది సూసి
చిటికెడు గల్లుప్పు ఏసిన.
ఏం కాలే.
ఉప్పు మెల్లగ దిగి
ఇరిగిన చెయ్యి తావుల కూసున్నది.