మూడు పరీక్షలు

చండూరు దవాఖానల
చీటి నంబరు ముప్పై నాలుగు.
సైకిలు గోడకానిచ్చి, తాళమేసి,
తాళం మీద నమ్మకం లేక
కిటికీలకెల్లి కనవడే తావుల కూసున్న.

చేతుల నల్లగొండ పోరగాండ్లు ఇచ్చిన కాయితం.
గడియారం చౌరస్తా నుంచి సాగర్ కట్ట దాకా
అరవై నాలుగు కిలోమీటర్లు,
గెలుసుడు లేదు ఓడుడు లేదు,
చేరినోళ్లందరికి ఒక బిళ్ల, ఒక బనీను.
అడుగున చీమల బారసొంటి అచ్చరాలు:
"శారీరకంగా యోగ్యుడని
వైద్యుని సంతకం, ముద్ర తప్పనిసరి."

ఇరవై రెండేండ్ల సంది
తపాలా సంచి తగిలించుకొని
గట్టుప్పల, తేరట్‌పల్లి, మళ్ల చండూరు.
ఎండ కొట్టినా తొక్కిన, వాన కొట్టినా తొక్కిన.
యోగ్యుడివేనా అని ఒక్కడు అడగలే.
సరదాకు తొక్కుతనంటే
ముద్ర కావాల్నట.

బెంచీ మీద నా పక్కన అండాలక్క.
ఆమె చేతిల కవరు మొన్న నేనిచ్చిందే.
"నలభై దాటితెనే పింఛను తమ్మీ,
పోయినసారి ముప్పై ఎనిమిది రాసిండ్రు.
రెండు పర్సెంటు కోసం మళ్లొచ్చిన.
నీకెంత కావాలె?"
"నాకు పర్సెంటు వద్దక్కా.
మంచిగున్ననని రాయించుకోవాలె."

బెంచీ బెంచంత నా దిక్కు తిరిగింది.
మెడలు కాదు,
మనిషికి మనిషి
నడుము కాడికెల్లి తిరిగిండ్రు.

లోపట నుజ్‌హత్ మేడం
గుండె విన్నది, బీపీ చూసింది.
"పోస్టు గుండెనే, టైముకు కొడుతుంది" అని నవ్వింది.
"లేచి నిలవడు. గడ్డం రొమ్ముకానియ్యి."
నాలుగేళ్ల దూరంల ఆగింది.
"చేతులు తలెనక పెట్టు."
కుడిది పోయింది.
ఎడమది చెవి కాడ నిలవడి ఆలోచన చేసింది.
"వంగి కాలేళ్లు ముట్టు."
మోకాళ్ల దాకా పోయిన.
ఆడికెల్లి కిందికి నాకు తొవ్వ లేదు.

ఈ మూడు పరీక్షలు
మా దిక్కు బడిపిల్లలకు సుత ఎక్కాల లెక్క నోటికొస్తయి.
మేడం పెన్నుకు మూత పెట్టింది.

"ఏ బోరు నీళ్లు తాగినవ్?"
"కృష్ణ నీళ్లు రాకముందు అన్ని బోర్లయి తాగిన మేడం.
ఉత్తరమిచ్చిన ప్రతి ఇంట్ల
చెంబెడు నీళ్లిచ్చేటోళ్లు."

కొద్దిసేపు ఫ్యాను చప్పుడొక్కటే.
"మరి సైకిలెట్ల తొక్కుతవ్?"
చెప్పరాలే. వచ్చి చూడుండ్రి అన్న.

గోడ పట్టుకొని ఎక్కిన.
హ్యాండిలు జానెడు లేపించిన, సీటు దించిన.
ఎనక చూడరాదని అద్దం పెట్టిచ్చిన.
నడుము వంగనంటే
సైకిలును వంచుకున్న.
అంబులెన్సు చుట్టు ఒకటి, రెండు, మూడు...
వరండల నిలవడి అండాలక్క లెక్కవెడుతున్నది,
ఏడు కాడ తప్పి మళ్ల మొదటికెల్లి.
మేడం చేతులు కట్టుకొని చూసింది.
చాలన్నదో, చాలనలేదో
నేను తొక్కుతనే ఉన్న.

మేడం రాసింది:
"కూర్చుంటే యోగ్యుడు.
దిగేటప్పుడు ఒక మనిషి తోడుండాలి."
ముద్ర ఎండిపోతే నోటితోని ఆవిరి వట్టి
రెండుసార్లు గుద్దింది.

బయటికొస్తుంటే
ముప్పై ఐదు అని పిలిచిండ్రు.
అండాలక్క లేస్తూ అన్నది:
"నీ దాంట్ల మిగిలినయి రెండుంటే
నాకు రాయమనరాదు."

కాయితం సంచిల పెట్టుకున్న.
పోవాలె, గట్టుప్పల ఉత్తరాలున్నయి.
కాళ్లు కదలలే.
కిటికీలకెల్లి మేడం గొంతు:
"గడ్డం రొమ్ముకానియ్యి."

గోడకు చెయ్యి ఆనిచ్చి
సైకిలు పక్కన నిలవడ్డ.
ఆనొద్దు,
ఆనొద్దు అనుకుంట.