గురువారం ఓడ

గురువారాలు కుక్కలింకా రేవుకి వస్తున్నాయి.
వాటికెవరూ చెప్పలేదు.

పోర్ట్ విలాలో ఓడని కట్టే ఇనుప గుంజ
తాళ్లు ఒరుసుకున్న మేర ఇంకా తుప్పు పట్టలేదు,
రోజూ తోమిన చెంబు అంచులా మెరుస్తోంది.

పదకొండు అంతస్తుల ఓడ.
అది వచ్చిన పూట ఎదురు దీవి కనబడేది కాదు.
దాని నీడలో గొడుగు అవసరం లేకుండా కూర్చునేది లెయ్‌సావి,
పక్కన పూసల డబ్బా, రెండు దువ్వెనలు,
అట్టముక్క మీద బొగ్గుతో:
జడ ఒక్కటి ఐదువందల వాతు.

ఆస్ట్రేలియా పిల్లల జుట్టు
మొక్కజొన్న పీచులా వేళ్లల్లోంచి జారిపోయేది.
తడిపి, లాగి, మూడు పాయలు తీసి, చివర పూస గుచ్చి,
ఎండకి కమిలిన మాడుకి చెయ్యి ఆననివ్వకుండా అల్లడం
ఎవరూ నేర్పని విద్య.

కబురు ముందు టాక్సీల వాళ్లకి తెలిసింది.
ఆ తర్వాత రేవు ఆఫీసు తలుపు మీద కాగితం:
వచ్చే సీజన్ నుంచి నౌకను వేరే మార్కెట్‌కు మారుస్తున్నాం.
మీ సహకారానికి కృతజ్ఞతలు.
కలోటిటి పైకి చదివాడు, రెండుసార్లు,
రెండోసారి ఏమైనా మారుతుందేమోనని.

మార్కెట్ అంటే లెయ్‌సావికి తెలుసు.
చేమదుంపలు, అరటి గెలలు, కొబ్బరాకు బుట్టలో పీతలు.
వానొస్తే టార్పాలిన్ కిందికి జరుపుకునేది.
అంత ఓడని కూడా అలా జరుపుకుంటారని తెలీదు.

ఎక్కడో చల్లటి గదిలో
ఎవరో పటం మీద వేలు పెట్టి తోశారు.
ఇక్కడ ఇంధనం ఖర్చు, రేవు సుంకం.
అక్కడ పడక ఒక్కింటికి రాబడి ఎక్కువ.
తప్పు పట్టడానికేం లేదు, లెక్క సరిపోయింది.
మేత అయిపోతే మందని మళ్లించరూ?
కానీ ఏ మందైనా
గడ్డికి కృతజ్ఞతలు చెబుతూ కాగితం అంటించిందా?

ఏరు దాటాక బోడి మల్లన్న అంటారు మా వైపు.
అక్కడ ఆ మాట తిరగబడింది.
ఓడే దాటిపోయి
ఒడ్డుని బోడి మల్లన్నని చేసింది.

చివరి గురువారం, ఓడలో బట్టలుతికే రొడెలియో
ఎప్పట్లాగే బోండాం కొట్టించుకుని తాగాడు.
ఇప్పుడెక్కడికి?
గాల్వెస్టన్ అన్నాడు. నాకూ నిన్ననే చెప్పారు.
దుప్పట్లు మాత్రం అవే.

కలోటిటి అప్పు చేసి కొన్న మినీబస్సు సిమెంటు మోస్తోంది.
వెనక అద్దం మీద స్వాగతం
గీకినా పూర్తిగా పోలేదు.

నాలుగు కిలోల పూసలు మిగిలాయి.
చైనా కొట్టువాడు వెనక్కి తీసుకోనన్నాడు.
ఓ కిలో బడికిచ్చింది.
రెండో తరగతి వాళ్లకి వాటితో తీసివేతలు.
పన్నెండులోంచి ఏడు తీస్తే?
ఐదు అనలేదట ఒకడు.
తీసేసినవి ఎక్కడికెళ్తాయి టీచర్, అన్నాడట.

దీపం ఆర్పేశాక లెయ్‌సావికి
ఆ ఓడ ఆగే ఇంకో ఒడ్డు తోస్తుంది.
అక్కడో ఆడమనిషి
ఈపాటికి అట్టముక్క వెతుక్కుంటూ ఉంటుంది.
కోపం రావాలి, రాదు.
నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది, అంతే.

డబ్బు ముందే తీసుకో,
జడ సగంలో ఉండగానే కూత పెడుతుంది.
శుక్రవారానికి బొటనవేలు పనికిరాదు, కొబ్బరినూనె రాయి.
వాళ్లు నీ పేరడుగుతారు, చెప్పు.
మర్చిపోతారు. అయినా చెప్పు.
కుక్కలకి తిండి అలవాటు చెయ్యకు.
పూసలు మాత్రం, తల్లీ,
కిలోల లెక్కన కొనకు.