పొత్తు

రెడింగ్ నుంచి వచ్చిన రైలు దిగినప్పుడు
ఉదిత చేతిలో ముడివేసిన దిండు గలీబు ఉంది.
సూట్‌కేసులు నేను అందుకున్నాను.
గలీబు కూడా అందుకోబోతే
అది కదిలింది.

"మొక్కజొన్న పాము. విషం ఉండదు."
పన్నెండేళ్ల పిల్ల నాతో అన్న మొదటి మాటలు అవే.
వాళ్ల నాన్న నవ్వి, దానికి పొత్తు అని పేరు పెట్టాడు.
తెలుగు అంతంతమాత్రం వచ్చిన పిల్లకు
మొక్కజొన్న పొత్తు ఒక్కటే తెలుసు.
రెండో అర్థం నేను చెప్పలేదు.

సౌత్ షీల్డ్స్‌లో ఒకాయన దగ్గర
నలభై పౌండ్లకు కొన్న పాత పెట్టె.
నాలుగడుగుల పొడవు, పక్కకు జరిగే అద్దాలు,
వెనక చెక్క మీద ఎవరిదో బల్లి గీకిన గీతలు.
కారు డిక్కీకి తాడు కట్టి
సండర్లాండ్ దాకా నిండు బిందె తెచ్చినట్టు తెచ్చాం.

కిటికీ పక్కన పెడదామన్నాను, ఎండ తగులుతుందని.
"అద్దంలోంచి ఎండ పడితే ఉడికిపోతుంది."
నాకు తెలియనివి చాలా ఉన్నాయని
మొదటిరోజే ఇద్దరికీ తెలిసిపోయింది.

ఒక చివర దీపం, దాని చుట్టూ తీగల బోను.
లేకపోతే చుట్టుకుని ఒళ్లు కాల్చుకుంటుందట,
కాలుతున్న సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుందట.
థర్మోస్టాట్ తీగ ఏ ఎత్తున అతికించాలో
అరగంట వాదించుకున్నాం, ఇంచుమించు స్నేహంగా.
అక్కడ ముప్పై డిగ్రీలు, ఇవతలి చివర ఇరవై మూడు,
మధ్యలో దాని ఇష్టం.
మా ఇల్లంతా పద్దెనిమిదే.
గ్యాస్ బిల్లు చూసి వాళ్ల నాన్న తిప్పిన ముల్లు.

ఎక్కడానికి కొమ్మ కావాలి.
రోకర్ బీచిలో ఏరుకొచ్చిన కర్ర ఉప్పు కక్కుతోంది.
పక్కింటి డోరీన్ తన ఆపిల్ చెట్టు కొట్టించి ఒకటిచ్చింది.
మూకుళ్లు దాచుకోవడానికే ఉన్న మా ఓవెన్
మొదటిసారి ఖాళీ అయింది.
అప్పుడే లీడ్స్ నుంచి అక్క ఫోను.
"ఓవెన్‌లో ఏం పెట్టావే?"
"కొమ్మ. పురుగు చావడానికి."
"ఎవరి కోసం?"
"పురుగు కోసమే."
రాత్రిపూట దాని పేరు ఎత్తకూడదు మరి.
అక్క చాలాసేపు ఏమీ అనలేదు.

"రెండు గూళ్లు కావాలి," అంది ఉదిత.
ఉన్నది ఒక్క పామే కదా?
"ఒకటే పెడితే, భయమేసినప్పుడు
చలైనా వేడైనా అందులోనే ఉండిపోతుంది."
నా వైపు చూడకుండా చెప్పింది,
చెక్కపొట్టు అరచేత్తో సర్దుతూ, సర్దిందే మళ్లీ సర్దుతూ.
ఏదో అనబోయి
పగిలిన పూలకుండీ అంచు సానబట్టాను.
గుమ్మం ఎంత ఉండాలి?
ఇరుగ్గా ఉండాలట. ఒంటికి అన్ని వైపులా తగలాలి.
తగలడమే దానికి ధైర్యం.

కొత్త చోటుకి వచ్చాక వారం దాకా
ముట్టుకోకూడదు. అద్దం తట్టకూడదు.
తిన్నదా లేదా అని తొంగిచూడకూడదు.
నీళ్లు మాత్రం మార్చాలి.
నేను నియమం తప్పలేదు,
పెట్టె దగ్గరా, మేడ మీది గది దగ్గరా.
పెరుగన్నం పళ్లెం తలుపు బయట పెట్టి
చప్పుడు కాకుండా దిగి వచ్చేదాన్ని.
పొద్దున పళ్లెం ఖాళీగా ఉండేది,
ఒకరోజు కడిగి ఉంది.

ఆరో రాత్రి దాహమేసి లేచాను.
హాల్లో థర్మోస్టాట్ ఎర్ర అంకెల వెలుగు.
పొత్తు కుండీ వదిలి కొమ్మ మీదికొచ్చి
నాలుకతో మా ఇంటి గాలి రుచి చూస్తోంది.
మెట్ల మీద ఉదిత, మోకాళ్లు కావలించుకుని.
"తాళం వేశారా?"
"వేశాను."
"లాగి చూశారా?"
చూశాను. అయినా వెళ్లి మళ్లీ లాగి చూసి వచ్చాను.

మెట్టు మీద కాస్త పక్కకు జరిగింది.
చోటిచ్చిందో, చలికి ముడుచుకుందో.
కూర్చున్నాను,
తగిలీ తగలకుండా.