శబ్దం: సున్నా

తూపిలిపాలెం పార్కులో
అనుమతుల కిటికీ వెనక కూర్చునేది నేనే.
పుట్టినరోజు పందిరికి ఒక రేటు,
పెళ్ళికి ముందు ఫోటోలకు ఒక రేటు,
వాలీబాల్ పోటీకి, యోగాకి, గాలి నింపే కోటకి.
మైకు కావాలంటే రోజుకు ఐదొందలు,
పోలీసు కాగితం వేరే.
ఇసుకలో గుంత తవ్వితే
పూడ్చేదాకా డిపాజిట్ మా దగ్గరే.

సముద్రం ఇక్కడ. సంతకం తిరుపతిలో.
జిల్లాలు చీలినప్పుడు
ఒక్క అల కూడా కదలకుండా
ఈ నీళ్ళన్నీ నెల్లూరు నుంచి బదిలీ అయ్యాయి.
అప్పట్నుంచీ ప్రతి దరఖాస్తూ
వాకాడు దాటి, గూడూరు దాటి,
కొండ కింద ఆఫీసులో నిద్ర చేసి రావాల్సిందే.

పామంజి పోలయ్య మాఘంలో వచ్చాడు,
చంకలో తెడ్డుతో.
"తెడ్డు బయట పెట్టు పెద్దాయనా."
"దీని పనిమీదే వచ్చినానబ్బయ్యా."

కార్యక్రమం పేరు?
"చెవి పెట్టడం."

తెడ్డు ఆకు నీళ్ళలో, పిడి చెవికి.
అడుగున కవళ్ళ మంద పోతే ఒక తీరంట,
కానాగంతలైతే ఇంకో తీరంట,
రొయ్యలైతే తడి చితుకులు అంటుకున్నట్టు చిటపటలంట.
వాళ్ళ నాయన నేర్పింది ఈ ఒడ్డునే,
ఇప్పుడు సెల్ఫీ బల్ల ఉన్న చోట.
ఆరుగురు పిల్లకాయలు దొరికారు నేర్చుకునేదానికి.

"సముద్రంలోకి దిగితే మేం డబ్బులడగం కదా?"

పోలయ్య కిటికీలోంచి స్తంభం చూపించాడు,
స్తంభం మీది డబ్బాని.
తెల్లారి ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా
భక్తి పాటలు, స్వాగతం,
చెత్త కుండీలోనే వేయండి,
ఐస్‌క్రీం ప్రకటన, మళ్ళీ స్వాగతం.
"దాన్ని ఒక గంట మూయించేదానికి
ఎంత కట్టాల?"

రేట్ల పట్టిక రెండు వైపులా తిప్పి చూశాను.
మోగించడానికి ఉంది.
ఆపడానికి లేదు.

ఫారం మీద ఏడో గడి: శబ్ద స్థాయి, డెసిబెల్స్‌లో.
సున్నా అని రాసి పంపాను.

పద్దెనిమిది రోజులకు తిరిగొచ్చింది:
"సున్నా అనగా గడి ఖాళీగా వదిలినట్టా? స్పష్టం చేయగలరు."
చేశాను. మళ్ళీ వచ్చింది:
"శబ్దం లేనిది ఏ నిబంధన కింద
కార్యక్రమం అనిపించుకొనును?"
దానికీ ఏదో రాశాను.
ఈసారి ప్రకటనల కాంట్రాక్టరు దగ్గర
అభ్యంతరం లేదని కాగితం తెమ్మన్నారు,
గంట సేపు ఐస్‌క్రీం వినపడని నష్టానికి.

వారం వారం పోలయ్య వస్తూనే ఉన్నాడు.
తెడ్డు బయట పెట్టమనడం నేను మానేశాను.
ఆరుగురు నలుగురయ్యారు:
ఒకడు శ్రీసిటీ కంపెనీ బస్సెక్కాడు,
ఒకడు గూడూరులో సెల్‌ఫోన్ల రిపేరుకి కుదిరాడు.
"వాడి చెవి బంగారం," అన్నాడు పోలయ్య,
రెండో వాడి గురించి.

ఆ సాయంత్రం లాగ్‌బుక్‌లో రాశాను:
యాంప్లిఫయర్ మరమ్మతు, ఉదయం ఐదు నుంచి ఆరు.
పదకొండేళ్ళ ఉద్యోగంలో
నేను రాసిన మొదటి అబద్ధం కాదు,
చేతిరాత కుదిరింది మాత్రం దానికే.

ప్యాంటు మడిచి నేనూ పడవెక్కాను.
అలలు విరిగే చోటు దాటాక
పోలయ్య మోటారు ఆపాడు.
వాడగాలి పడిపోయి ఉంది.
పిల్లకాయలు ఒక్కొక్కరే పిడికి తల వాల్చారు,
ఎవరూ ఏమీ చెప్పలేదు.

నా వంతు వచ్చింది.
చల్లటి కొయ్య. కాసేపు ఏమీ లేదు.
తర్వాత గుబగుబమని ఏదో,
దగ్గరికొస్తూ, ఆగకుండా.
"మంద!" అన్నాను. "పెద్ద మంద!"

నలుగురూ పడవ ఊగేలా నవ్వారు.
"అది నీ నెత్తురు సారూ," అన్నాడు పోలయ్య.
"మొదటి దినం అందరికీ అదే.
అది సద్దుమణిగే దాకా ఉండాల."

ఆరుకి ఇంకా పది నిమిషాలు.
డబ్బా గది తాళంచెవి నా జేబులో,
ఆ చెవి కూడా తడిసింది.
ఒడ్డున ఎవరో అప్పటికే
కిటికీ ముందు నిలబడి ఉన్నారు,
పుట్టినరోజు వాళ్ళనుకుంటా, చేతిలో కాగితాలు.

ఉండండి, అన్నాను,
వాళ్ళకి వినపడదని తెలిసీ,
తల ఎత్తకుండా.