ఎర్రచుక్క

త్బిలిసిలో తొమ్మిదంతస్తుల పాత ఇల్లు.
నాణెం మింగితే గాని కదలని లిఫ్టు.
నలభై ఏళ్లు పియానో నేర్పిన
లామారా వేళ్లు
చెరిగిన అంకెల మీద అపస్వరం పలికేవి.
ఆరనుకుని ఎనిమిదిలో దిగి
ఎవరి తలుపో తట్టేది.

ఏడేళ్ల నుత్సా
అమ్మ గోళ్లరంగు ఎత్తుకొచ్చి
ఆరో మీట మీద చుక్క పెట్టింది.
ఆరాక ఇంకోటి, ఇంకోటి,
వేలికి గింజలా తగిలేదాకా.
సీసా ఖాళీ. వీపు విమానం మోత.
ఆ పనికి జీతమిస్తారని
అప్పుడెవరికీ తెలీదు.

ఇవాళ బ్యాంకు యాప్ తెర మీద
పద్నాలుగు మీటలు,
గదంతా మెచ్చుకున్న లేత బూడిదరంగు.
నుత్సా ఏమీ అనదు.
కళ్లు మూసుకుని
నున్నటి గాజు మీద
బొటనవేలితో వెతుకుతోంది,
గింజ ఏదని.